వెనక్కి తిరిగే గడియారం: పిల్లలతో ఫ్లోరెన్సులో ఎనిమిది రోజులు

మొదటి రోజు, మార్చి 24, ఆదివారం

ఆట రైల్లోనే మొదలైంది. పొద్దున్నే మ్యూనిక్‌లో ఎక్కాం. బొలోన్యాకి దాదాపు 7 గంటలు, అక్కణ్ణుంచి ఫ్లోరెన్సుకి ఇంకో 40 నిమిషాలు. బ్రెన్నర్ కనుమ దాటేదాకా పిల్లలిద్దరూ కిటికీకి అతుక్కుపోయారు. కొండలు అయిపోగానే విసుగు మొదలైంది. పాపకి 11 ఏళ్ళు, బాబుకి 8. "అక్కడ అన్నీ మ్యూజియంలేనా అమ్మా?" అని బాబు నాలుగోసారి అడిగేసరికి వాళ్ళ నాన్న పుస్తకం మూసి, "మ్యూజియంలకి కాదురా, వెనకటి కాలానికి వెళ్తున్నాం. రోజుకో సంవత్సరం" అన్నారు.

అంతే, పాప నోట్‌బుక్ తీసి నియమాలు రాసింది. రోజూ పొద్దున ఒక సంవత్సరం ఎంచుకోవాలి. ఆ ఏటికి ఫ్లోరెన్సు చేరని తిండి ఆ రోజు తినకూడదు. ఎవరి గురించి విన్నా, అప్పటికి వాళ్ళ వయసెంతో రాసుకోవాలి. ఈ మూడోది బాబు పెట్టిన నియమం. వాడికి ఎవరు కనిపించినా ముందు వయసు తెలియాలి.

రెండో నియమం ఎంత కష్టమో కాసేపటికి గానీ అర్థం కాలేదు. కొలంబస్ 1492లో సముద్రం దాటాడు. అంతకు ముందు ఐరోపాలో టమాటా లేదు, బంగాళాదుంప లేదు, మొక్కజొన్న లేదు, చాక్లెట్ లేదు. "అంటే పిజ్జా?" అన్నాడు బాబు, గొంతు పూడుకుపోయి. మిరపకాయ కూడా లేదు. అది మనకి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. శ్రీనాథుడి కాలంలో కూరకి ఘాటు కావాలంటే మిరియాలే దిక్కు. డబ్బాలో తెచ్చుకున్న పులిహోరలోంచి పాప ఎండుమిరపకాయలు ఏరి మూతలో వరసగా పెట్టి, "ఇవే ఆఖరివి, చూసుకోండి" అంది.

ఫ్లోరెన్సులో దిగేసరికి సాయంత్రమైంది. ఈస్టర్ వారం కావడంతో ప్రతి దుకాణం అద్దంలోనూ రంగు కాగితాలు చుట్టిన చాక్లెట్ గుడ్లు. కొన్ని బాబు నడుం దాకా ఉన్నాయి. వాడు ఒక్కో అద్దం ముందూ ఆగాడు. ఏమీ అడగలేదు.

రెండో రోజు, మార్చి 25, 1445వ సంవత్సరం

ఈ రోజు ఇక్కడ ఉండాలని నేను ముందే అనుకున్నాను. పాతకాలపు ఫ్లోరెన్సులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. క్రిస్మస్‌కి సరిగ్గా తొమ్మిది నెలల ముందు, దేవదూత మరియమ్మకు కబురు చెప్పిన రోజు అది. 1750లో గానీ జనవరి 1కి మారలేదు. చలి తగ్గి చెట్లు చిగురించే వేళ ఏడాది మొదలవడం మనకి కొత్తేమీ కాదు కదా, ఇంకో రెండు వారాల్లో మనకీ ఉగాది. పిల్లలకి ఆ మాట చెప్పగానే "అయితే కరెక్టే, ఏడాది ఇప్పుడే మారాలి" అని పాప తీర్పు చెప్పేసింది.

సాంతిస్సిమా అనున్‌చియాటా చర్చి ముందున్న కూడలిలో పాత వేషాలు వేసుకున్నవాళ్ళు బూరలు, డప్పులతో ఊరేగింపుగా వచ్చారు. పిల్లలు దాని వెనకాల నడిచారు. నా చూపు మాత్రం పక్కనున్న పొడుగాటి వసారా మీదే ఉంది. మెట్ల మీద సన్నటి స్తంభాలు, వాటి మధ్య 9 కమానులు, కమానుల మధ్య నీలం పళ్ళేల్లాంటి బిళ్ళలు. ఒక్కో బిళ్ళలో గుడ్డపీలికలు చుట్టిన ఒక పసిబిడ్డ, చేతులు చాపి. అదే ఓస్పెదాలె దెలి ఇన్నొచెంతి, అనాథ పిల్లల ఆశ్రమం. బ్రూనెల్లెస్కి 1419లో కట్టడం మొదలుపెట్టాడు. మట్టితో చేసి మెరుగుపూత పెట్టి కాల్చిన ఆ బిడ్డల బొమ్మలు 1487 ప్రాంతంలో ఆంద్రెయా దెల్లా రొబ్బియా చేసినవి.

పిల్లలతో ఫ్లోరెన్సు వచ్చేవాళ్ళకి నేనైతే ముందు ఇక్కడికి రమ్మనే చెబుతాను. ఉఫీజీ మ్యూజియంకి రేపు వెళ్ళినా ఏమీ కాదు.

ఆశ్రమం తెరిచిన కొద్ది రోజులకే, 1445 ఫిబ్రవరి 5న, మొదటి బిడ్డను ఎవరో వదిలి వెళ్ళారు. ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాథా పండుగ కాబట్టి అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. బాబు నోట్‌బుక్ తీసుకుని పేరు రాసి, వయసు దగ్గర ఆగి, "సున్నానా అమ్మా?" అన్నాడు. సున్నాయే.

వసారా చివర కమ్మీలున్న చిన్న కిటికీ ఉంది. బిడ్డలను అందులోంచి లోపలికి ఇచ్చేవారు. కమ్మీల సందులోంచి దూరేంత చిన్న బిడ్డలనే తీసుకునేవారు. 1875లో దాన్ని మూసేశారు. లోపల మ్యూజియంలో గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద ఒక బిడ్డ పేరు. సొరుగు లాగితే లోపల సగం విరిచిన నాణెం, సగం పతకం, ఒక పూస, ఒక గుండీ. ఎప్పటికైనా వచ్చి బిడ్డను అడగాలంటే గుర్తు కావాలి కదా, అందుకని తల్లి రెండో సగం దాచుకుని ఇది బిడ్డ మెడలో కట్టి పంపేది. పాప ఒక సొరుగు లాగింది, చూసింది, మెల్లగా మూసింది. ఇంకోటి లాగింది. పదిహేనో ఇరవయ్యో సొరుగుల తర్వాత నా దగ్గరికి వచ్చి, "రెండు సగాలూ ఉన్నది ఒక్కటీ లేదమ్మా" అంది. కలిసిన సగాలు ఇంటికి వెళ్ళిపోయుంటాయి, అందుకే ఇక్కడ ఉండవు అన్నాను. ఆ తల్లుల్లో కొందరైనా వచ్చి ఉంటారన్నది నేను మనసారా నమ్మి చెప్పిన మాటే.

పైన చిత్రాల గదిలో గిర్లాందాయో 1488లో ఈ ఆశ్రమం కోసమే వేసిన పెద్ద చిత్రం ఉంది. ముగ్గురు రాజులు బాలయేసును చూడటానికి వచ్చిన ఘట్టం. ముందు వరసలో తెల్లబట్టల్లో ఇద్దరు పసివాళ్ళు మోకరిల్లి ఉన్నారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో గిర్లాందాయో దగ్గర ఒక కుర్రాడు పనికి కుదిరాడు. మూడేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు 6 ఫ్లోరిన్లు, రెండో ఏడు 8, మూడో ఏడు 10. పనివాడు గురువుకి ఫీజు కట్టడం కాదు, గురువే వాడికి జీతం ఇవ్వడం. ఆ కుర్రాడు మైకెలాంజెలో, వయసు 13.

"13కే ఉద్యోగమా?" అని పాప ఆశ్చర్యపోయింది. తనకి ఇంకో రెండేళ్ళు అంతే. రంగురాళ్ళు నూరడం, జిగురు కాచడం, కుంచెలు కట్టడం, పని అయ్యాక గది ఊడ్చడం, ఇవన్నీ చేస్తూనే వాళ్ళు బొమ్మలు నేర్చుకున్నారు. అన్నిటికన్నా ఖరీదైన నీలం రంగు అఫ్ఘనిస్తాన్ గనుల్లోని లాజవర్దం రాయి నుంచి వచ్చేది. దాన్ని ఒలకబోస్తే ఆ రోజు వాడి పని అయిపోయినట్టే అని మా ఇద్దరికీ అనిపించింది.

మూడో రోజు, 1436

ఊరి పెద్ద చర్చి గుమ్మటం ఎక్కాలి. 463 మెట్లు. లిఫ్టు లేదు, మధ్యలో వెనక్కి రావడానికి వీలూ లేదు. సగం దాకా పాప ముందుండి తమ్ముణ్ణి లాక్కుంటూ వెళ్ళింది. గుమ్మటం లోపలి అంచున సన్నటి నడవ వస్తుంది. పక్కనే పైకప్పు మీద వసారి, జుక్కారి అనే చిత్రకారులు వేసిన నరకం, కింద చీమల్లా మనుషులు. అక్కడ పాప కాళ్ళు ఆగిపోయాయి. మొహం పాలిపోయింది. నాకు టెన్షన్ మొదలైంది. వెనక జనం. "కిందకి చూడకు బంగారం, గోడ చూడు" అని చెయ్యి పట్టుకున్నాను.

గోడే మమ్మల్ని కాపాడింది. నడవ దాటి రెండు గోడల మధ్య మెట్లలోకి వెళ్ళాక ఇటుకలు చేతికి తగిలాయి. అడ్డంగా పేర్చిన ఇటుకల మధ్య అక్కడక్కడా నిలువు ఇటుక, అది పై వరసలో కాస్త పక్కకి జరిగి, ఆ పై వరసలో ఇంకాస్త జరిగి చేపముల్లులా మెలి తిరుగుతూ పైకి పోతుంది. మామూలుగా గుమ్మటం కట్టాలంటే కింద నుంచి చెక్కతో ఆసరా నిలబెట్టి దాని మీద పేర్చాలి. ఇంత వెడల్పుకి, ఇంత ఎత్తుకి అంత కలప ఎక్కడ? బ్రూనెల్లెస్కి ఆ ఆసరా లేకుండానే కడతానన్నాడు. తడి ఆరని ఇటుక జారిపోకుండా నిలువు ఇటుక పట్టి ఉంచుతుంది. పైగా గుమ్మటం ఒకటి కాదు, రెండు, ఒకదాని లోపల ఒకటి. మేం నడుస్తున్నది ఆ రెండింటి మధ్య సందులో. పాప వేలితో ఇటుకల మెలిక రాసుకుంటూ ఎక్కింది, పైకి చేరేదాకా ఆ వేలు తీయలేదు.

బరువులు ఎత్తడానికి బ్రూనెల్లెస్కి చేసిన యంత్రాన్ని కింద ఎద్దులు తిప్పేవి, గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతూ. బరువు పైకి పోయాక తాడు కిందకి దించాలంటే ఎద్దుల్ని విప్పి వెనక్కి తిప్పి కట్టాలి, అదో పెద్ద పని. ఆయన పళ్ళచక్రాలను మార్చేలా చేశాడు. ఎద్దు ఎటు తిరుగుతోందో అటే తిరుగుతుంది, తాడు మాత్రం దిశ మారుస్తుంది. బాబుకి ఇది మహా నచ్చింది. "ఎద్దుకి తెలియదన్నమాట!" అని పైన గాలిలో గట్టిగా నవ్వాడు.

ఇంకో కథ ఆ వసారే రాశాడు, కళాకారుల జీవితకథలు రాసిపెట్టినవాడు. ఎలా కడతావో చెప్పమని పెద్దలు నిలదీస్తే బ్రూనెల్లెస్కి ఒక గుడ్డు ఇచ్చి, దీన్ని పాలరాయి మీద నిలబెట్టినవాడే గుమ్మటం కట్టాలన్నాడట. ఎవరి వల్లా కాలేదు. ఆయన గుడ్డు అడుగును టక్కున కొట్టి, చితికిన అంచు మీద నిలబెట్టాడు. ఇదైతే మేమూ చేసేవాళ్ళం అన్నారట వాళ్ళు. నా నమూనా చూస్తే గుమ్మటమూ కట్టేసేవాళ్ళు అన్నాడట ఆయన. 1420లో మొదలైన పని 1436లో ముగిసింది. మొదలుపెట్టినప్పుడు ఆయనకి 43 ఏళ్ళు, నాన్న వయసు కన్నా ఒకటి ఎక్కువ.

కిందికి వచ్చి చర్చిలోకి వెళ్ళాం. ప్రధాన ద్వారం లోపలి వైపు, పైన, ఒక పెద్ద గడియారం ఉంది. 1443లో దాని ముఖాన్ని పావ్లో ఉచ్చెల్లో చిత్రించాడు. ఒకే ముల్లు, 24 అంకెలు. అంకెలు ఎడమ వైపుగా పెరుగుతాయి, ముల్లు మన గడియారాలకు ఎదురు దిశలో తిరుగుతుంది. రోజు అర్ధరాత్రి ముగియదు, సూర్యాస్తమయంతో 24వ గంట ముగుస్తుంది. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనట్టే, వీళ్ళకి సాయంత్రంతో. బాబు తల వెనక్కి వాల్చి చాలాసేపు చూశాడు. "అమ్మా, ఇదే మిషను. వెనక్కి తిరుగుతోంది" అన్నాడు. వాడు ఆట కోసం అనలేదు, నిజంగానే అన్నాడు.

నాలుగో రోజు, 1471

ఉఫీజీలో రెండు గంటలకు మించి ఉండకూడదని ముందే అనుకున్నాం. పిల్లలు అంతకన్నా మోయలేరు, నిజానికి పెద్దలు కూడా. బొత్తిచెల్లి వేసిన 'వసంతం' చిత్రం ముందు పాప కింద కూర్చుని గడ్డిలో పూలు లెక్కపెట్టి 40 దగ్గర వదిలేసింది. వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు అందులో వందకు పైగా రకాలు గుర్తుపట్టారు.

మేం వెతుక్కుంటూ వెళ్ళింది వెరోక్కియో వేసిన బాప్తిస్మం చిత్రం కోసం. ఎడమ చివర ఇద్దరు దేవదూతల్లో మనకి వీపు చూపించి, తల తిప్పి చూస్తున్నది శిష్యుడు లియొనార్దో వేసినది. ఆ జుట్టు మెరుపు చూస్తే చెప్పక్కర్లేదు. అది చూసి వెరోక్కియో మళ్ళీ రంగులు ముట్టలేదని వసారి అంటాడు. నాకు నమ్మబుద్ధి కాదు. ఆ మూల ఆ కుర్రాడికి అప్పగించింది గురువే కదా, చెయ్యగలడని తెలిసే ఇచ్చి ఉంటాడు.

1471 ఎందుకు ఎంచుకున్నామంటే ఆ ఏడు మే 27న వెరోక్కియో వర్క్‌షాప్ చేసిన రాగి బంతిని గుమ్మటం కొసన ఎక్కించారు. అప్పటికి లియొనార్దోకి 19. ఆ బంతి అతుకులు ఎలా వేశారో ఆయన ఎన్నో ఏళ్ళ తర్వాత తన నోట్‌బుక్‌లో గుర్తు చేసుకున్నాడు. 1600 ప్రాంతంలో పిడుగు పడి బంతి కింద పడింది. పడిన చోట చర్చి వెనక నేలలో గుండ్రటి తెల్లరాయి వేశారు. దాన్ని వెతకడానికి పిల్లలు పరుగెత్తారు, ముందు బాబే కనిపెట్టాడు. ఆ రాయి మీద నిలబడి పైకి చూస్తే కడుపులో తిప్పుతుంది.

రాత్రి ఐస్‌క్రీం దగ్గర వాడు చాక్లెట్ గిన్నె దాటి నిమ్మకాయది అడిగాడు.

ఐదో రోజు, 1452

ఎంపొలీ దాకా రైలు, అక్కణ్ణుంచి విన్చీకి బస్సు. కొండల మీద ఆలివ్ తోటలు, ఆకులు గాలికి వెండిలా తిరగబడుతున్నాయి. విన్చీ నుంచి ఆంకియానో 3 కిలోమీటర్లు, నడిచే వెళ్ళాం. రాతి ఇల్లు, మూడు గదులు, పెద్ద పొయ్యి. లియొనార్దో పుట్టిన ఇల్లు ఇదేనని చెబుతారు.

తాత ఆంతోనియో మనవడు పుట్టిన సంగతి రాసిపెట్టాడు. 1452 ఏప్రిల్ 15, శనివారం, రాత్రి మూడో గంట. మూడో గంట అనగానే తెల్లవారుజామున 3 అనుకున్నాను నేను. పాప ఒక్క క్షణం ఆలోచించి, "కాదమ్మా, వెనక్కి తిరిగే గడియారం! సూర్యుడు దిగాక మూడో గంట" అంది. అంటే రాత్రి పది, పదిన్నర. ఈ ప్రయాణం మొత్తంలో నాకు అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఆ బిడ్డ తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదు. తండ్రి సేర్ పియెరో, పత్రాలు రాసే నోటరీ. తల్లి కతెరీనా. పెళ్ళికి బయట పుట్టినవాణ్ణి తండ్రి వృత్తిలోకి రానివ్వరు. అలా నోటరీ కాలేకపోయిన కుర్రాడు వెరోక్కియో దగ్గర పనికి కుదిరాడు. మొన్న చూసిన సొరుగులు పాపకి గుర్తొచ్చాయి. "ఇతన్ని మాత్రం తాతయ్య ఉంచుకున్నాడు" అంది.

బాబుది ఎడమచేతి వాటం. ఊళ్ళో ఉన్న నానమ్మ వీడియో కాల్‌లో కనిపించినప్పుడల్లా "కుడిచేత్తో తిను నాన్నా" అంటుంది. ప్రేమతోనే అంటుంది, కానీ వాడు ఫోన్ వస్తే ఎడమచెయ్యి బల్ల కింద దాచుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఊళ్ళోని కోటలో ఉన్న మ్యూజియంలో యంత్రాల నమూనాల పక్కన, లియొనార్దో ఎడమచేత్తో కుడి నుంచి ఎడమకి రాసేవాడని, అద్దంలో పెడితేనే చదవగలమని చెప్పాను. వాడు నమ్మలేదు. లియొనార్దో రాసిన పేజీ నకలు చూశాక నమ్మాడు. చెయ్యి కుడివైపు పోతే తడి సిరా అలుక్కుపోతుంది, ఎడమకి పోతే అలుక్కోదు. ఆ సంగతి వాడికి నేను చెప్పనక్కర్లేదు, వాడి చిటికెన వేలి పక్క ఎప్పుడూ నీలంగానే ఉంటుంది.

మధ్యాహ్నం తినడానికి శనగల సూపు, జున్ను, రొట్టె తీసుకున్నాం. చిక్కుడు గింజలనుకున్నవి కూడా అమెరికా నుంచి వచ్చిన రకమేనని పాప పట్టుకుంది. ఈ ప్రాంతం రొట్టెలో ఉప్పు వెయ్యరు, పాతకాలం నుంచీ అంతే. బాబు ఒక ముక్క కొరికి, "ఉప్పు కూడా అప్పటికి కనిపెట్టలేదా?" అన్నాడు.

తింటూ వాళ్ళకి ఇంకో సంగతి చెప్పాను. ఆంద్రెయా కొర్సాలి అనే ఫ్లోరెన్సువాడు పోర్చుగీసు ఓడల్లో మన దేశం వచ్చాడు. గుజరాతీల గురించి, ఫ్లోరెన్సును ఏలిన మెడిచి కుటుంబానికి రాసిన ఉత్తరంలో, వీళ్ళు రక్తమున్నదేదీ తినరు, ప్రాణులకు హాని చెయ్యనివ్వరు, మన లియొనార్దో దా విన్చీలా అని రాశాడు. బజారులో పంజరంలో పిట్టలు కనిపిస్తే అడిగిన ధర ఇచ్చి కొని, ఎగరేసేవాడని వసారి కూడా చెప్పాడు. పాప అది విని తినడం ఆపి, "ఎన్ని పిట్టలో రాశారా?" అని అడిగింది.

రాత్రి గదిలో బాబు కాగితం మీద ఎడమచేత్తో, కుడి నుంచి ఎడమకి, తెలుగులో రాశాడు. తలకట్టు ఎటు తిప్పాలో తెలియక నాలుగుసార్లు కొట్టేశాడు. చివరికి కాగితాన్ని బాత్రూం అద్దానికి ఆనించి నన్ను పిలిచాడు. అద్దంలో 'అమ్మ' అని ఉంది. నేను ఆ కాగితం ఫోటో తీసి నానమ్మకి పంపాను.

ఆరో రోజు, 1504

అకాదెమియా మ్యూజియంలో దావీదు విగ్రహం ఎదురుగా నిలబడ్డాం. 5.17 మీటర్లు. ఇంకొకరు మొదలుపెట్టి వదిలేయగా, ఏళ్ళ తరబడి చర్చి పెరట్లో పడి ఉన్న పాలరాయి. 1501లో మైకెలాంజెలోకి అప్పగించారు, అప్పుడు ఆయనకి 26. పిల్లలు చుట్టూ తిరిగి చూశారు. బాబు కుడిచేతి నరాలు చూసి తన చెయ్యి చూసుకున్నాడు.

అసలు ఆట బయట. ఎక్కడ పెట్టాలో తేల్చడానికి 1504 జనవరి 25న సుమారు 30 మంది కూర్చున్నారు. లియొనార్దో, బొత్తిచెల్లి, పెరుజీనో, ఫిలిప్పీనో లిప్పి, అందరూ ఒకే గదిలో. (కాగితం మీద మాత్రం 1503 అని ఉంటుంది, ఏడాది మార్చి 25న కదా మారేది. పాప దీన్ని నా కన్నా ముందు చెప్పింది.) బొత్తిచెల్లి చర్చి దగ్గర పెట్టమన్నాడు. లియొనార్దో కూడలిలోని కప్పున్న వసారా కింద ఉంటే మేలన్నాడు. చివరికి నగరపాలక భవనం గుమ్మం ముందు పెట్టారు.

మే 14 రాత్రి విగ్రహాన్ని చర్చి పనిశాల నుంచి బయటికి తెచ్చారు. తలుపు సరిపోక పైన గోడ పగలగొట్టారు. కొయ్య చట్రంలో విగ్రహాన్ని వేలాడదీసి, కింద జిడ్డు రాసిన 14 దూలాలు పరిచి, 40 మందికి పైగా లాగారు. వెనకది తీసి ముందుకు, మళ్ళీ వెనకది ముందుకు. రాత్రి ఎవరో రాళ్ళు విసిరితే కాపలా పెట్టారు. కూడలికి చేరేసరికి 18వ తేదీ.

ఆ దారిని మేం దూలాల నడకతో నడిచాం. పదేసి అడుగులకు ఆగడం, బాబు వెనక నుంచి ఊహాదూలం తెచ్చి ముందు పెట్టడం. అర కిలోమీటరుకి కాస్త ఎక్కువ ఉంటుందేమో, గంటన్నర పట్టింది. ఒక ముసలాయన ఆగి ఏం చేస్తున్నారని అడిగాడు. పాప ఫోన్‌లో ఇటాలియన్ వెతికి చెప్పింది. ఆయన టోపీ తీసి పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

ఇప్పుడు కూడలిలో ఉన్నది 1910లో పెట్టిన నకలు. అసలుది 1873లో లోపలికి తరలించారు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఆ కథ చెప్పాను. 1527లో నగరంలో గొడవలు, భవనం లోపల దాక్కున్నవాళ్ళు కిటికీలోంచి బల్ల విసిరితే దావీదు ఎడమచెయ్యి మూడు ముక్కలైంది. సైనికుల మధ్య ముక్కలు అలాగే పడి ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళి వాటిని ఏరి ఇంట్లో దాచారు. ఒకడు ఫ్రాన్చెస్కో సాల్వియాతి. ఇంకొకడు జోర్జో వసారి, గుడ్డు కథ, పిట్టల కథ మనకి రాసిపెట్టిన ఆ వసారే. అప్పటికి 15 ఏళ్ళు. 1543లో ఆ ముక్కలతోనే చెయ్యి అతికించారు.

"పెద్దవాళ్ళు పగలగొట్టారు, పిల్లలు దాచారు" అని పాప వయసుల పట్టిక పక్కన రాసుకుంది. ఈ ఒక్క వాక్యానికి ఆ పేజీలో గీత గీసి పెట్టింది.

ఏడో రోజు, 1568

వారం నుంచీ పాప అడుగుతోంది, ఆడపిల్లలు లేరా అని. ఉన్నారు, కానీ కనిపించే గోడల మీద వాళ్ళ పేర్లు తక్కువ. సాంతా మరియా నొవెల్లా మ్యూజియంలో ప్లావుతిల్లా నెల్లి వేసిన కడపటి విందు ఉంది. దాదాపు 7 మీటర్ల వెడల్పు, నిలువెత్తు మనుషులు. ఆమె 14 ఏళ్ళకు కాన్వెంటులో చేరిన సన్యాసిని. అక్కడి సోదరీమణులతో కలిసి, తమ భోజనశాల కోసం 1560ల్లో వేసింది. ఎన్నో ఏళ్ళు పట్టించుకునేవాళ్ళు లేక మాసిపోతే నాలుగేళ్ళు బాగుచేసి 2019లో ఇక్కడ పెట్టారు. బల్ల మీద చిక్కుడు లాంటి పచ్చి బాకలా గింజలు, ఆకుకూర. తిండి తెలిసినవాళ్ళు వేసిన బల్ల అది. పై మూల ఆమె సంతకం, ఈ చిత్రకారిణి కోసం ప్రార్థించండి అని. అక్షరాలు కనబడేదాకా పాప మునివేళ్ళ మీద నిలబడింది. తర్వాత కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది.

మధ్యాహ్నం పిల్లల వర్క్‌షాప్‌లో తడిసున్నం మీద బొమ్మ వేశారు. తడి ఉండగానే రంగు వెయ్యాలి, గాలి తగిలి సున్నం గట్టిపడుతూ రంగును తనలోనే పట్టేసుకుంటుంది. అందుకే ఆ రోజు ఎంత వెయ్యగలరో అంత గోడకే పూత పూసేవారు. ఆ ముక్కను జోర్నాతా అంటారు, ఒక రోజు పని. పెద్ద చిత్రాల మీద ఆ అతుకులు లెక్కపెట్టి ఎన్ని రోజులు పట్టిందో చెప్పగలరు. రెండేళ్ళ క్రితం లేపాక్షిలో తల ఎత్తి చూసిన పైకప్పు బొమ్మలు కూడా ఈ పదహారో శతాబ్దానివేనని, అచ్యుతదేవరాయల కాలానివని చెప్పాను. అక్కడ వెలిసిపోయిన రంగుల మధ్య ఒక పంది బొమ్మ చూసి బాబు నవ్విన సంగతి వాడికే గుర్తుంది.

ఇక సాయంత్రం వాదన. 1548లో మెడిచి తోట నుంచి ఒక బుట్ట టమాటాలు కొసిమో డ్యూక్ ఇంటికి చేరినట్టు ఉత్తరం ఉంది. అంటే 1568కి టమాటా ఉంది. తినేవాళ్ళా, అందానికి చూసేవాళ్ళా అన్నది వేరే సంగతి అని వాళ్ళ నాన్న అనబోయారు. "ఊళ్ళో ఉందా, లేదా?" అని బాబు గట్టిగా నిలదీశాడు. ఉంది. ఆ రాత్రి వాడు పిజ్జా మొత్తం ఒక్కడే తిన్నాడు.

ఎనిమిదో రోజు, మార్చి 31, ఈస్టర్

నిన్న రాత్రి గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు, వేసవి వేళలు మొదలు. 2 తర్వాత నేరుగా 3. పొద్దున ఆ మాట చెబితే బాబు మంచం మీద నుంచి దూకి, "నిజంగానే కాలంలో దూకేశామన్నమాట!" అన్నాడు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

చర్చి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. కొమ్ముల నుంచి మెడ దాకా పూలు కట్టిన తెల్లని ఎద్దులు రెండంతస్తుల మేడంత బండిని లాక్కొచ్చాయి. కనుమ నాడు మా ఊళ్ళో ఒంగోలు గిత్తలకి చేసే ముస్తాబు కళ్ళ ముందు కదిలింది. బాబు మాత్రం వాటిని చూసి, "ఇవి బ్రూనెల్లెస్కి ఎద్దులు" అన్నాడు. పదకొండింటికి లోపల బలిపీఠం దగ్గర ముట్టించిన పావురం బొమ్మ తీగ మీద రయ్యిన బయటికి వచ్చి బండిని తాకి, తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. పావురం ఆగకుండా తిరిగి వెళ్తే ఆ ఏడు పంటలు బాగుంటాయని నమ్మకం. ఆ తర్వాత పావుగంటకు పైగా బాణసంచా. పొగలో గుమ్మటం కనబడలేదు. పాప చెవులు మూసుకుని, కళ్ళు మాత్రం తెరిచే ఉంచింది.

మధ్యాహ్నం రైల్లో వాళ్ళ నాన్న సంచిలోంచి ఎర్రకాగితం చుట్టిన చాక్లెట్ గుడ్డు తీశారు. "ఇప్పుడు ఏ సంవత్సరం?" అని బాబు అక్కని అడిగాడు. పాప నోట్‌బుక్ తెరిచి, వయసుల పట్టిక చివర తమ్ముడి పేరు, 8 అని, తన పేరు, 11 అని రాసి, "మన సంవత్సరం" అంది.

వాడు కాగితం విప్పాడు. ఎడమచేత్తో గుడ్డు పట్టుకుని, దాని అడుగును రైలు బల్ల మీద టక్కున ఒక్కటి కొట్టాడు. చెయ్యి తీసేశాడు. రైలు ఊగుతున్నా గుడ్డు నిలబడింది.